పైనుంచి చూస్తే మన కాఫీ తోట కూడా అడవిలాగే ఉంటుంది

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు చదివాక ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్ళకి కూడా చెప్పండి. ఎందుకంటే ఇది మన భూమి గురించి.

ఈ మధ్య నాకు రెండు రకాల ఫోన్లు వస్తున్నాయి. ఒకటి, "అన్నా, మా ఊళ్ళో ఫలానా పని మొదలుపెడుతున్నాం, డ్రోన్ సర్వే చేసేవాళ్ళు ఎవరైనా తెలుసా, ఎంత తీసుకుంటారు?" అని. రెండోది, "అన్నా, పొద్దున్నుంచి మా కొండ మీద డ్రోన్ తిరుగుతోంది, ఎవరో తెలీదు, అడిగితే ప్రాజెక్టు సర్వే అంటున్నారు, ఏం చెయ్యాలి?" అని. మొదటివాళ్ళు డ్రోన్‌ని పిలిచేవాళ్ళు. రెండోవాళ్ళు ఇంకెవరో పిలిచిన డ్రోన్ కింద నిలబడ్డవాళ్ళు. నేను సివిల్ డిప్లొమా అయ్యాక నాలుగేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. మనది పాడేరు వైపు. నేను చెప్పే ఉదాహరణలు అల్లూరి సీతారామరాజు జిల్లావే అయినా భద్రాచలం, ఉట్నూరు, సీతంపేట వైపు ఉన్నవాళ్ళకి కూడా పనికొస్తాయనుకుంటున్నా.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్తాను. డ్రోన్ అంటే పెళ్ళిలో వీడియో తీసేదే కదా అని చాలామంది అనుకుంటారు. ఎగిరేది దాదాపు అదే, కానీ పని వేరే. సర్వేలో అసలు పని నేల మీదే మొదలవుతుంది. ఫ్లెక్స్ ముక్కల మీద నలుపు తెలుపు గళ్ళు వేసి, సర్వే చెయ్యాల్సిన జాగా నాలుగు మూలలా, మధ్యలో, పల్లంలో, గట్టు మీద పరుస్తాం. ఒక్కో గుర్తు మధ్యలో డీజీపీఎస్ కర్ర నిలబెట్టి ఆ చోటు ఎక్కడుందో సెంటీమీటర్లలో రాసుకుంటాం. నా మొదటి ఆరు నెలలూ ఆ కర్ర మోయడమే ఉద్యోగం. ఆ తర్వాతే డ్రోన్ లేస్తుంది. నాగలి సాళ్ళు వేసినట్టు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూ ఫోటోలు తీస్తుంది. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో మూడు వంతులకు పైగా పక్క ఫోటోలో కూడా పడాలి. అలా ఒకే రాయి ఐదారు ఫోటోల్లో ఐదారు కోణాల నుంచి కనిపిస్తే, కంప్యూటర్ ఆ రాయి ఎంత ఎత్తులో ఉందో లెక్క కడుతుంది. చివరికి చేతికొచ్చేవి మూడు: కొలవడానికి వీలైన ఒక పెద్ద ఫోటో మ్యాపు, ఎత్తుపల్లాల నమూనా, దాని నుంచి గీసిన కాంటూర్ గీతలు. వంద మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫోటోలో ఒక్కో చుక్క నేల మీద రెండున్నర, మూడు సెంటీమీటర్లకి సమానం. అంటే పొలం గట్టు మీద పెట్టిన బిందె కూడా కనిపిస్తుంది.

మరి ఇంత బాగా కనిపిస్తే బాధేంటి? బాధ ఏంటంటే, డ్రోన్‌కి కనిపించేది పైభాగమే. మైదానంలో పైభాగం అంటే నేలే. మన దగ్గర పైభాగం అంటే చెట్టు.

రెండేళ్ళ కిందట నేను ఒక కన్సల్టెన్సీ టీములో పనిచేశాను. కొండ మీద ఒక ప్రాజెక్టుకి రిపోర్టు తయారుచేసే పని. మా టీము నాలుగు రోజులు ఎగరేసింది, ఫోటోలు చాలా శుభ్రంగా వచ్చాయి. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ఆ ఫోటో మీద భూమిని రకాలుగా విడగొట్టి రంగులు వేశారు. పల్లం భూమికి ఒక రంగు, ఇళ్ళకి ఒకటి, ఖాళీ భూమికి ఒకటి, దట్టమైన చెట్లకి ఒకటి. ఆ మ్యాపు చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఊరికి పైన ఉన్న కాఫీ తోటలన్నీ దట్టమైన చెట్లు అనే రంగులో ఉన్నాయి. ఎందుకంటే పైనుంచి కనిపించేవి సిల్వర్ ఓక్ తలలే. వాటి నీడలో ఉన్న కాఫీ మొక్క కనపడదు. ఆ సిల్వర్ ఓక్‌కి చుట్టుకున్న మిరియం తీగ అసలే కనపడదు. ఒక కుటుంబం పదిహేనేళ్ళు కలుపు తీసి, పళ్ళు కోసి, పల్పింగ్ చేసి పిల్లల్ని చదివించుకున్న తోట, మ్యాపులో మనిషి లేని అడవి.

పోడు సంగతి ఇంకోలా ఉంటుంది. ఈ ఏడు సామ, రాగి వేసిన చెలక పైనుంచి సాగు భూమిలాగే కనిపిస్తుంది. రెండేళ్ళు బీడు పెట్టిన చెలక మాత్రం పొదలు అని పడుతుంది, లేదా ఖాళీ భూమి అని పడుతుంది. మనకి తెలుసు అది ఎవరిదో, మళ్ళీ ఎప్పుడు దున్నుతారో. ఫోటోకి తెలీదు. ఫోటో తీసిన రోజు ఏ నెలో కూడా పెద్ద తేడా. డిసెంబర్‌లో వలిసెలు పూసి పసుపుగా ఉన్న గరువు, ఏప్రిల్‌లో ఎర్ర మట్టి.

ఆ మ్యాపుని నేను మా టీము పెద్దాయనకి చూపించి, "సార్, ఇది నేల మీద తిరిగి చూసి సరిచెయ్యాలి, ఇక్కడంతా కాఫీ ఉంది" అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. కానీ "మనకిచ్చిన పనిలో నేల మీద తిరిగేది లేదు, దానికి డబ్బులివ్వలేదు" అన్నాడు. ఆ మాటే ఈ పోస్టు మొత్తానికి కీలకం. సర్వే ఏం చూస్తుంది, ఏం చూడదు అనేది డ్రోన్ ఎంత గొప్పది అనేదాన్ని బట్టి ఉండదు. పిలిచినవాళ్ళు ఏ పని రాసి ఇచ్చారు, దేనికి డబ్బు కట్టారు అనేదాన్ని బట్టి ఉంటుంది. ఆ రోజు నేను పట్టుబట్టాను. రెండు రోజులు టైం ఇచ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళే మాతో తిరిగారు, ఎందుకంటే తోటల్లో ఏ చెట్టు ఎక్కడుందో వాళ్ళకే బాగా తెలుసు. ఒక ముసలమ్మ డ్రోన్ పెట్టె మీద చెయ్యి వేసి, "నాయనా, మీ పిట్టకి నా మిరియం తీగ కనపడిందా?" అని అడిగింది. "కనపడలేదమ్మా" అన్నాను. "మరి కనపడనిదాన్ని లెక్కల్లో ఎట్ల రాస్తార్రా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె వెనకాలే నడిచి తోట హద్దు కర్రతో కొలిచాను.

రెండు రోజుల్లో మొత్తం అవ్వలేదు. అయినంత వరకు మ్యాపులో రంగు మారింది.

ఇక రెండో విషయం, కొండ వాలు లెక్క. ఇది మన చదువుకున్న పిల్లలందరికీ తెలియాలి, ఎందుకంటే ఊళ్ళో గొడవలు దీని మీదే వస్తాయి. మనవాళ్ళు టేపు పట్టుకుని తోట కొలిస్తే వాలు మీద నేలకి ఆనించి కొలుస్తారు. మ్యాపులో, పట్టాలో విస్తీర్ణం అంటే అలా కాదు. కొండని పైనుంచి అడ్డంగా నొక్కి చదును చేస్తే ఎంత జాగా వస్తుందో అంత. 30 డిగ్రీల వాలు మీద టేపుతో సరిగ్గా ఒక ఎకరం కొలిచామనుకోండి, మ్యాపులో అది సుమారు 87 సెంట్లే వస్తుంది. ఎవరూ 13 సెంట్లు దొంగిలించలేదు, లెక్క తేడా అంతే. 10 డిగ్రీల వాలు అయితే తేడా ఒకటిన్నర సెంటే. కానీ ఈ సంగతి ముందే చెప్పకపోతే అన్నదమ్ముల మధ్య, ఊరికీ ఆఫీసుకీ మధ్య అనుమానం పుడుతుంది. మొక్కలు మాత్రం వాలు మీదే ఉంటాయి కదా. అందుకే నష్టపరిహారం మాట వచ్చినప్పుడు ఎకరాల లెక్కతో పాటు మొక్కల లెక్క విడిగా రాయించుకోవాలి. ఎకరానికి ఇన్ని మొక్కలు అని గుణించి వేస్తే కొండవాలు రైతు నష్టపోతాడు.

ఇప్పుడు మొదటి ఫోన్ చేసినవాళ్ళకి. డ్రోన్ సర్వే చేసేవాళ్ళని పిలవాలంటే ఏం చూడాలి?

అసలు అవసరమా అని ముందు చూసుకోండి. ఇల్లు కట్టుకోవడానికి పది సెంట్ల జాగాకి డ్రోన్ దండగ. ఒకటి రెండెకరాలకి కూడా టోటల్ స్టేషన్‌తోనో డీజీపీఎస్‌తోనో ఒక మనిషి పూటలో కొలిచేస్తాడు. జాగా పెద్దదైతే, ఎత్తుపల్లాలు ఎక్కువుంటే, మట్టి ఎంత తవ్వాలో ఎంత పోయాలో లెక్క కావాలంటే, రోడ్డో కాలువో పైపులైనో ఎటు వెయ్యాలో చూడాలంటే అప్పుడు డ్రోన్ నిజంగా డబ్బు, టైం మిగులుస్తుంది. మొత్తం చెట్ల కిందే ఉన్న జాగా అయితే మామూలు కెమెరా డ్రోన్ పనికిరాదు. లైడార్ అని లేజర్ పంపే పరికరం ఉన్న డ్రోన్ ఆకుల సందుల్లోంచి నేలని కొంతవరకు పట్టుకుంటుంది, కానీ దాని ఖర్చు ఎక్కువ. అలాంటిచోట నడిచి కొలవడమే మేలు.

మా పక్క ఊళ్ళో కిందటేడు ఇదే జరిగింది. ఊరికి పైన ఒక ఊట ఉంది, వేసవిలో కూడా ఎండదు. దాని నీళ్ళు మోటారు లేకుండా పైపులో గరువు భూములకి తేవాలని ఊరంతా అనుకున్నారు. తలా కొంత చందా వేసుకున్నారు. నా బావ ఆ ఊరివాడే, నన్ను పిలిచి రెండు కొటేషన్లు ముందు పెట్టాడు. ఒకటి రెండోదాంట్లో సగం రేటు. "చవకదాన్నే తీసుకుందామా బావా?" అన్నాడు. నేను ఇద్దరికీ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగాను. అవే మీకూ రాస్తున్నా.

మొదటిది, పైలట్‌కి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా, డ్రోన్‌కి యూఐఎన్ నంబర్ ఉందా? 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం డబ్బు తీసుకుని చేసే పనికి ఇవి ఉండాలి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి, రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్‌ని వ్యాపారం కాకుండా సొంతానికి ఎగరేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. సర్వే వ్యాపారమే కదా. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా అడగండి. డ్రోన్ పడి ఎవరి పశువుకో, మనిషికో తగిలితే అప్పుడు ఎవరిని అడుగుతాం?

రెండోది, ఎక్కడ ఎగరేస్తారో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూశారా? డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్, ఎల్లో, రెడ్ అని ఉంటాయి. గ్రీన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. అయినా మన ఏజెన్సీలో స్టేషన్‌కి, సచివాలయానికి ముందే కాగితం ఇచ్చి రసీదు తీసుకోవడం అందరికీ క్షేమం. ఇక్కడి పరిస్థితులు మీకు నేను చెప్పాలా? పైగా పోలీసులు అవసరమైతే కొన్నాళ్ళు ఒక చోటుని రెడ్ జోన్ చెయ్యొచ్చు. రిజర్వ్ ఫారెస్ట్‌లో దిగి గుర్తులు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి వేరే.

మూడోది, నేల మీద గుర్తులు ఎన్ని పెడతారు? ఇక్కడే చవక మనిషి దొరికిపోయాడు. "మా డ్రోన్‌లోనే ఆర్టీకే ఉంది, గుర్తులు అక్కర్లేదు" అన్నాడు. ఆర్టీకే ఉంటే గుర్తులు తగ్గించొచ్చు నిజమే. కానీ సరిచూసుకోవడానికి కొన్నైనా ఉండాలి. మ్యాపు తయారీలో వాడకుండా పక్కన పెట్టి, మ్యాపు అయ్యాక దానితో పోల్చి చూసే గుర్తుల్ని చెక్ పాయింట్లు అంటారు. అవి లేకపోతే మ్యాపు ఎంత తప్పుందో చేసినవాడికే తెలీదు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు.

నాలుగోది, కొండని అనుసరించి ఎగరేస్తారా, లేక ఒకే ఎత్తులోనా? కింద లోయలో నుంచి లేపి వంద మీటర్ల ఎత్తులో తిన్నగా పోనిస్తే, 60 మీటర్ల కొండ ఎదురైనప్పుడు డ్రోన్‌కీ నేలకీ మధ్య 40 మీటర్లే మిగులుతుంది. ఫోటోలో పడే జాగా కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. పక్క పక్క ఫోటోలు 75 శాతం కలవాలని పెట్టుకున్నది అక్కడ 40 శాతం కూడా కలవదు. మ్యాపులో ఆ కొండ తలే చిరిగిపోతుంది, లేదా వంకర తిరుగుతుంది. మైదానంలో పనిచేసి వచ్చినవాళ్ళు మన దగ్గర ఇబ్బంది పడేది ఇక్కడే.

ఐదోది, ఎత్తులు దేని నుంచి లెక్క? జీపీఎస్ ఇచ్చే ఎత్తుకీ సముద్ర మట్టం నుంచి లెక్కించే ఎత్తుకీ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. మొత్తం ఒకే పద్ధతిలో ఉంటే ఫరవాలేదు. పాత ఇంజినీరింగ్ మ్యాపు ఒక పద్ధతిలో, కొత్త డ్రోన్ మ్యాపు ఇంకో పద్ధతిలో ఉండి రెండూ కలిపేస్తే నీళ్ళు కాగితం మీద కొండెక్కుతాయి.

ఆరోది, చివరికి మాకు ఏం ఇస్తారు? ఇది అందరూ మర్చిపోయే ప్రశ్న. పీడీఎఫ్ ఒకటి పంపి చేతులు దులుపుకునేవాళ్ళు ఉన్నారు. అసలు ఫోటోలు, గుర్తుల కొలతలు, ఆర్థో మ్యాపు, ఎత్తుల ఫైలు, కాంటూర్లు, చెక్ పాయింట్ల రిపోర్టు అన్నీ హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలని, మన అనుమతి లేకుండా ఇంకెవరికీ ఇవ్వకూడదని ముందే కాగితం మీద రాయించుకోండి. ఊరి మ్యాపు ఊరిది.

ఊరు రెండో కొటేషన్‌ని తీసుకుంది. ఖర్చు ఎక్కువైందని కొందరు సణిగారు. పని అయ్యాక చెక్ పాయింట్ల దగ్గర అడ్డంగా నాలుగైదు సెంటీమీటర్లు, ఎత్తులో ఏడెనిమిది సెంటీమీటర్లు తేడా వచ్చింది. పైపు లైనుకి అది చాలు. ఊట దగ్గర రెండు వందల మీటర్లు మాత్రం గుబురు చెట్ల కింద ఉంది. మ్యాపులో అక్కడ ఎత్తులు చెట్ల తలలవి. ఆ సర్వేయరే "ఇక్కడ నా మ్యాపుని నమ్మొద్దు" అని చెప్పాడు. ఆ ముక్క ఆటో లెవెల్ పెట్టి మేమే నడిచి చూశాం. మంచి సర్వేయర్‌ని గుర్తుపట్టడానికి నా కొలత ఇదే. తన మ్యాపులో ఎక్కడ నమ్మకూడదో తనే చెప్పాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొంతమందికి కోపం వచ్చినా సరే. ఈ మధ్య అరకు, లంబసింగి వైపు రిసార్టులు, టెంట్లు, కాటేజీలు అని సర్వేలు పెరిగాయి. నన్ను పిలిచిన ప్రతిచోటా నేను మొదట అడిగేది, పట్టా ఎవరి పేరు మీద ఉంది, నాకు డబ్బిచ్చేది ఎవరు అని. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అంటాం కదా, దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి అసలు గిరిజనుడిదే అని చట్టం ముందుగానే అనుకుంటుంది, కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. 1997లో సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళి, ప్రభుత్వం కూడా ఇక్కడి తన భూమిని గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదంది. మన కుర్రాళ్ళ పేరు వాడుకుని వెనక వేరేవాళ్ళు డబ్బు పెట్టే పనులు ఎన్ని చూడట్లేదు మనం? పేరు అప్పిచ్చిన తమ్ముడికి నెలకి కొంత వస్తుందేమో. కొండ మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు రెండో ఫోన్ చేసినవాళ్ళకి. మీ కొండ మీద తెలియని డ్రోన్ తిరుగుతుంటే ఏం చెయ్యాలి?

రాళ్ళు వెయ్యొద్దు, పెట్టెలు లాక్కోవద్దు. కింద కర్ర పట్టుకున్న కుర్రాడు రోజుకూలికి వచ్చిన మనోడే అయ్యుండొచ్చు. కేసు పడితే మన మీదే పడుతుంది. దానికి బదులు నలుగురు వెళ్ళి మర్యాదగా అడగండి. ఏ పని, ఎవరు పెట్టుకున్నారు, వర్క్ ఆర్డర్ ఉందా, పైలట్ సర్టిఫికెట్, యూఐఎన్ చూపించండి, గ్రామసభకి చెప్పారా? జవాబులు రాసుకోండి, కాగితాలు ఫోటో తీసుకోండి, తేదీ వెయ్యండి. ఇది పంచాయతీకి, ఎమ్మార్వోకి, ఐటీడీఏ పీఓకి అర్జీ పెట్టడానికి పనికొస్తుంది.

2013 భూసేకరణ చట్టంలో 12వ సెక్షన్ చదవండి. సేకరణ కోసం భూమిలో దిగి సర్వే చేసే అధికారం ప్రభుత్వం అధికారమిచ్చిన ఆఫీసరుకి, ఆయన మనుషులకి ఉంటుంది. అది కూడా భూయజమాని ఎదురుగానో, ఆయన రాసిచ్చిన మనిషి ఎదురుగానో చెయ్యాలి. యజమాని లేకుండా చెయ్యాలంటే కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఉండాలి. ఇంట్లోకి, ఇంటి దొడ్లోకి రావాలంటే ఒప్పుకోవాలి, లేదా ఏడు రోజుల నోటీసు ఉండాలి. సర్వేలో చెట్టూ చేమా పాడైతే దానికి డబ్బు కట్టాలని తర్వాతి సెక్షన్ చెప్తుంది. అదే చట్టం 41వ సెక్షన్ షెడ్యూల్డ్ ఏరియాలో గ్రామసభ ముందస్తు సమ్మతి అడుగుతుంది. 1996 పీసా చట్టం కూడా సేకరణకి ముందు సంప్రదించాలంటుంది. జాతీయ రహదారులకి మాత్రం 1956 నాటి వేరే చట్టం ఉంది, దాన్ని బట్టి అడగాలి.

ఇంకోటి, అటవీ హక్కులు. మన పట్టా అర్జీలు తిరగ్గొట్టేటప్పుడు, "శాటిలైట్ ఫోటోలో 2005లో అక్కడ సాగు కనపడలేదు" అనే మాట చాలామంది విని ఉంటారు. 2006 చట్టం కింద చేసిన నిబంధనలకి 2012లో సవరణ వచ్చింది. శాటిలైట్ ఫోటో, ఇతర టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకి తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలోకి రాకూడదని అందులో స్పష్టంగా ఉంది. ముసలివాళ్ళ వాంగ్మూలం, రాతి గట్లు, బావి, శ్మశానం, దేవుడి చోటు, ఇవన్నీ సాక్ష్యాలే. పైనుంచి కనపడలేదు కాబట్టి లేదు అనడానికి వీల్లేదు. పక్క ఊరి ముసలమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు చట్టంలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది.

అలాగే డ్రోన్ మ్యాపు హక్కు ఇవ్వదు, హక్కు తీసెయ్యదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న మొదలైన భూముల రీసర్వేలో కూడా డ్రోన్ ఫోటోలు వాడారు. కానీ హద్దు చూపించాల్సింది రైతే, నిర్ణయించాల్సింది సర్వే శాఖే. ప్రైవేటు డ్రోన్ టీము గీసిన గీత రెవెన్యూ హద్దు కాదు. "మ్యాపులో వచ్చేసింది, ఇంకేం చెయ్యలేం" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. రంగు మార్చినట్టే గీత కూడా మార్చొచ్చు, టైములో అడిగితే.

పైపులైను కోసం చేయించుకున్న ఆ ఊరి మ్యాపుకి తర్వాత ఇంకో ఉపయోగం వచ్చింది. పైపు పని అయ్యాక బావ, ఇంకో నలుగురు పిల్లలు ఆ మ్యాపుని పెద్ద ఫ్లెక్స్ మీద ప్రింట్ వేయించి రచ్చబండ దగ్గర పరిచారు. పెద్దవాళ్ళు వంగి చూసి ఒక్కో కొండకి, గెడ్డకి, బండకి పేరు చెప్పారు. పశువులు వెళ్ళే దారి, శంకుదేవుడి చోటు, అడ్డాకులు కోసే చోటు, ఎవరి తోట ఎక్కడ వరకు, అన్నీ స్కెచ్ పెన్‌తో రాశారు. ఇద్దరు ముసలాళ్ళు ఒక గెడ్డ పేరు మీద గంటసేపు దెబ్బలాడుకున్నారు. దాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఈ ఏడు అదే కొండ మీదకి ఇంకో ప్రాజెక్టు సర్వే వస్తే, ఊరు ఆ ఫ్లెక్స్ తీసుకుని ఆఫీసుకి వెళ్ళింది. "మీ మ్యాపులో అడవి అని ఉన్న చోట మా మ్యాపులో ఇన్ని తోటలున్నాయి, వచ్చి చూడండి" అన్నారు. కలిసి తిరిగి చూస్తామని రాతపూర్వకంగా ఇచ్చారు. ఇంకా తిరగలేదు. అది ఎటు తేలుతుందో ఇప్పుడే చెప్పలేను. కానీ ఇదివరకు మన దగ్గర మాట మాత్రమే ఉండేది, వాళ్ళ దగ్గర మ్యాపు ఉండేది. ఇప్పుడు రెండు వైపులా మ్యాపులున్నాయి, మన దాంట్లో పేర్లు కూడా ఉన్నాయి.

చివరగా చదువుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కి పద్ధెనిమిదేళ్ళు నిండి, పదో తరగతి పాసైతే చాలు. డీజీసీఏ గుర్తించిన ట్రైనింగ్ సంస్థలోనే నేర్చుకోవాలి, ఊరికే సర్టిఫికెట్ అమ్మేవాళ్ళ దగ్గర కాదు. ఎగరెయ్యడం వారంలో వస్తుంది. గుర్తులు పెట్టడం, లెక్క సరిచూడటం, నేల మీద తిరగడం రావడానికి ఏళ్ళు పడుతుంది. విలువ ఉన్నది ఆ రెండోదానికే. "మన భూముల్ని కొలిచే కంపెనీల దగ్గర మనమే పనిచేస్తే తప్పు కాదా అన్నా?" అని ఒక చెల్లి అడిగింది. నాకు తెలిసి కొలిచేవాడు ఎవడో ఒకడు వస్తాడు. వచ్చినవాడికి సిల్వర్ ఓక్ కింద కాఫీ ఉంటుందని తెలియడం మంచిదా, తెలియకపోవడం మంచిదా? తెలిసినవాడు టీములో ఉంటే కనీసం "సార్, ఇక్కడ తోట ఉంది" అనే మాట ఆ గదిలో వినపడుతుంది. వినకపోతే బయటికి వచ్చి ఊరికి చెప్తాడు.

మీ ఊళ్ళో ఏదైనా పనికి సర్వే పెట్టుకుంటుంటే పైన రాసిన ఆరు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. కొటేషన్ వస్తే కింద కామెంట్‌లో పెట్టండి, రేటు, పేర్లు చెరిపేసి పెట్టండి, నాకు తెలిసినంత వరకు చూసి చెప్తాను. 12వ సెక్షన్‌ని ఎవరైనా కువిలోకి, కోయలోకి, సవరలోకి, ఆదివాసీ ఒడియాలోకి మాటల్లో చెప్పి ఆడియో పెడితే ఇంకా మంచిది. చదవడం రాని పెద్దవాళ్ళే కదా తోటల్లో ఉండేది, సర్వే టీము ముందు ఎదురుపడేది వాళ్ళకే.

జై ఆదివాసీ.